వరికి నీళ్ళు నిలబెట్టొద్దంటే నాన్న ఒప్పుకోవట్లేదు. పాతుకుపోయిన ఆలోచన ఎలా వదులుతుంది?

బోరుబావి బాబు (హైదరాబాద్)

అందరికీ నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లెటూరు. మూడెకరాల పొలం, ఒక్క బోరు. నేను సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, సాగంతా నాన్నే చూసుకుంటాడు. ప్రతి యాసంగికీ మార్చి దాటేసరికి బోరు ఆగి ఆగి పోస్తుంది. చివరి మడికి నీళ్ళు అందవు. ఆ మడి ఎండిపోతే పశువులను తోలుతాం. ఏటా ఇదే తంతు.

ఈసారి ఒక ఎకరం శ్రీ పద్ధతిలో వేద్దామన్నాను. లేత నారు, ఒక్కో మొక్క, దూరం దూరంగా, నీళ్ళు నిలబెట్టకుండా ఆరుతడి. నాన్న ఒకటే మాట: "వరి నీళ్ళల్ల పుట్టింది, నీళ్ళల్లనే పెరుగుతది. నువ్వు కంప్యూటర్ల ఏం జేస్తవో నేను చెప్తున్ననా?"

ఆయన మొండివాడేం కాదు. ఫోన్‌పేలో ఎరువుల షాపుకు డబ్బులు కొడతాడు, యూట్యూబ్‌లో ట్రాక్టర్ల వీడియోలు చూస్తాడు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికే గోడ కట్టేస్తాడు. మా ఆఫీసులోనూ అంతే. పోయిన నెల ఇన్నోవేషన్ వర్క్‌షాప్ అని పెట్టి, గోడ నిండా రంగు చీటీలు అంటించి, పాత ఆలోచనలు గుమ్మం బయట వదిలేసి రమ్మన్నారు. సోమవారం నుంచి మళ్ళీ అదే పద్ధతి, అవే మీటింగులు. చదువుకున్నవాళ్ళయినా, రైతులైనా, పాతుకుపోయిన ఆలోచన అసలు ఎలా వదులుతుంది? ఎవరైనా దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఉంటే చెప్పండి.

టెక్సాస్ తెలుగు (డాలస్)

బ్రదర్, అంతా మైండ్‌సెట్. కంఫర్ట్ జోన్‌లోంచి బయటికి వస్తేనే ఇన్నోవేషన్. మీ నాన్నగారికి సక్సెస్ స్టోరీలు చూపించండి. మనిషి మారాలని గట్టిగా అనుకుంటే మారిపోతాడు.

గట్టుమీద రైతు (ఖమ్మం)

టెక్సాస్ తమ్ముడూ, ఎకరం వరి కంఫర్ట్ జోన్ ఎలా అవుతుందయ్యా.

బాబూ, నేను శ్రీ వరి మొదట్లోనే చేసినవాణ్ణి. ఇప్పటికీ కొంత చేస్తున్నాను, కొంత వదిలేశాను. మీ నాన్నను ఎలా మార్చాలి అనేది పక్కన పెట్టి, ముందు ఒక ప్రశ్న వేసుకో. నిలబెట్టిన నీళ్ళు ఆయనకు ఏమేం పని చేసిపెడుతున్నాయి?

నేను చెప్తా. ఒకటి, కలుపు లేవకుండా తొక్కి పెడతాయి. మడిలో రెండంగుళాల నీళ్ళుంటే సగం కలుపు మొలవదు. ఇది చిన్న విషయం కాదు, కలుపు కూలి ఎంతో మీ నాన్ననడుగు. రెండు, ధీమా. మా రోజుల్లో కరెంటు విడతలవారీగా, అర్ధరాత్రి ఇచ్చేవాళ్ళు. వచ్చినప్పుడే మడి నింపుకోవాలి, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వారం రోజులు దిక్కుండదు. అప్పుడు మడి నిండా నీళ్ళుంటే రాత్రి నిద్ర పట్టేది. మూడోది, గట్టు మీద నిలబడి ఒక్క చూపు చూస్తే పొలం సంగతి తెలిసిపోతుంది. నీళ్ళు తళతళలాడుతున్నాయంటే పైరు బాగుంది. నీళ్ళు లేకపోతే మట్టిలో తడి ఎంతుందో ఎలా తెలుస్తుంది?

నువ్వు వచ్చి నీళ్ళు తీసెయ్ అన్నావు. ఆ మూడు పనులూ ఇంకెవరు చేస్తారో చెప్పావా? చెప్పకపోతే ఆయన ఒప్పుకోకపోవడమే తెలివైన పని. మా ఊళ్ళో కొంతమంది నీళ్ళు తగ్గించారు గానీ వీడర్ (వరసల మధ్య తోస్తూ కలుపు తీసే పనిముట్టు) కొనలేదు. నలభై రోజులకు వరి ఏదో తుంగ ఏదో తెలీలేదు. శ్రీ పద్ధతి పనికిరాదని ఊరంతా తీర్మానం చేసేశారు.

లెక్కల మాస్టారు (తెనాలి)

రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. గట్టుమీద గారి మాట చదివాక ఒక పాత లెక్క గుర్తొచ్చింది. ముందు అందరూ చేసి చూడండి, తరువాత మాట్లాడుకుందాం. మూడు బిందెలున్నాయి, గీతలు లేవు. వాటితో చెప్పినన్ని లీటర్లు కొలవాలి. పంపులో నీళ్ళకు కొదవ లేదు.

బిందెలు 21, 127, 3. కావలసింది 100.
బిందెలు 14, 163, 25. కావలసింది 99.
బిందెలు 18, 43, 10. కావలసింది 5.
బిందెలు 23, 49, 3. కావలసింది 20.
బిందెలు 28, 76, 3. కావలసింది 25.

కాలిక్యులేటర్ వద్దు. జవాబుతో పాటు ఎలా చేశారో రాయండి.

పంటకాల్వ (గుడివాడ దగ్గర)

మధ్య బిందె నింపి, అందులోంచి మొదటి బిందె ఒకసారి, చివరి బిందె రెండుసార్లు వంచేయడమే. 127 లోంచి 21, మళ్ళీ 6 తీస్తే 100. నాలుగు లెక్కలూ ఇలాగే పడ్డాయి. ఐదోది మీరు తప్పు ఇచ్చారు మాస్టారూ. 76 లోంచి 28, 6 తీస్తే 42 వస్తుంది. 25 ఎక్కడ వస్తుంది? అంకె సరిచూడండి.

మగ్గం చప్పుడు (భూదాన్ పోచంపల్లి)

నేను ఫోన్ కిందికి జరిపేసరికి ఆఖరి లెక్క ముందు కనపడింది, అదే ముందు చేశాను. 28 లోంచి 3 తీస్తే 25 కదా. దాని పైది 23 లోంచి 3 తీస్తే 20. ఇంత చిన్నదానికి మధ్యలో ఆ పెద్ద బిందె ఎందుకు పెట్టారు?

పంటకాల్వ

😂😂 సరేనమ్మా.

లెక్కల మాస్టారు

పంటకాల్వ గారూ, నవ్వకండి. నేను తరగతిలో ఇది ఎన్నో ఏళ్ళు చేయించాను. లెక్కల్లో చురుకైన పిల్లలే "సార్, ఐదోది తప్పు" అని ముందు చెయ్యెత్తేవాళ్ళు. ఇది నా సొంతం కాదు. అబ్రహాం లచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1942లో ప్రచురించిన ప్రయోగం. మొదటి లెక్కలన్నీ ఒకే దారిలో పడతాయి. ఆ దారి పట్టినవాళ్ళు నాలుగో లెక్కనూ చుట్టు తిప్పే చేస్తారు, ఎదురుగా దగ్గరిదారి ఉన్నా కనపడదు. ఐదోదానికి ఆ దారి పనిచేయదు, అక్కడ చాలామంది ఆగిపోతారు. మొదటి లెక్కలు చేయనివాళ్ళకు మాత్రం పోచంపల్లి అమ్మాయికి తట్టినట్టే తట్టుతుంది. తేడా తెలివిలో లేదు, అంతకుముందు ఏం చేశారన్నదాంట్లో ఉంది.

ఇంకొకటి చెప్పాలి. 2008లో బిలాలిచ్, మెక్‌లియోడ్, గోబే అనే ముగ్గురు పరిశోధకులు, చదరంగం ఆటగాళ్ళ కళ్ళు ఎటు చూస్తున్నాయో పరికరంతో గమనించారు. బోర్డు మీద అందరికీ తెలిసిన ఒక గెలుపు ఎత్తు ఉంది, అంతకంటే తక్కువ ఎత్తుల్లో పూర్తయ్యే ఇంకో దారీ ఉంది. ఆరితేరిన ఆటగాళ్ళు తెలిసినదాన్ని చూసేశారు. "ఇంకా మంచి ఎత్తు కోసం వెతుకుతున్నాం" అని చెప్పారు. కళ్ళు మాత్రం ఆ పాత ఎత్తుకు సంబంధించిన గళ్ళ మీదే తిరుగుతున్నాయి. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నిజంగానే వెతుకుతున్నాం అనుకున్నారు.

అందుకే టెక్సాస్ బాబు చెప్పిన "గట్టిగా అనుకుంటే" అనే మాట మీద నాకు నమ్మకం తక్కువ. లచిన్స్ కొంతమంది చేత పరీక్ష మధ్యలో "గుడ్డిగా ఉండకు" అని కాగితం మీద రాయించాడు. కొందరికి పనిచేసింది, అందరికీ కాదు. ఐదో లెక్క మాత్రం మనిషిని ఆపేస్తుంది. పాత దారి మూసుకుపోతేనే కొత్త దారి వెతుకుతాం.

బోరుబావి బాబు

మాస్టారూ, నేనూ నాలుగోది చుట్టు తిప్పే చేశాను. ఐదో లెక్క మా ఇంట్లో ఏటా మార్చిలో వస్తోంది. అయినా నాన్న వెతకడం లేదు!

పంటకాల్వ

వెతకడం లేదని ఎలా అంటావ్ తమ్ముడూ? చివరి మడి ఎండబెట్టుకుని మిగతావి కాపాడుకుంటున్నాడు. అదీ ఒక లెక్కే.

నేను కాస్త ఎదురు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. ఈ శ్రీ వరి గురించి ఎవరు రాసినా "రైతు మారడు" అనే పల్లవి ఒకటి వస్తుంది. 2003 ఖరీఫ్‌లో రంగా వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళు ఉమ్మడి రాష్ట్రంలో ప్రదర్శన క్షేత్రాలు పెట్టారు. మీటింగులు, పుస్తకాలు, టీవీ ప్రోగ్రాములు, అన్నీ అయ్యాయి. ఇరవై ఏళ్ళు దాటాక మా డెల్టాలో పూర్తి శ్రీ పద్ధతిలో వేసే మడి చూపించమంటే వెతుక్కోవాలి. అంతమంది రైతుల బుర్రలూ బూజు పట్టాయా? మాకు కాల్వ నీళ్ళు పై మడిలోంచి కింద మడిలోకి పారతాయి. నా మడి ఆరబెట్టుకోవాలంటే పైవాడు నీళ్ళు వదలకుండా ఉండాలి, కిందవాడు ఎండకుండా ఉండాలి. నల్లరేగడి. వానాకాలం ఒక్క వాన పడితే మోకాటి లోతు. పన్నెండు రోజుల నారు అందులో పెడితే తేలిపోతుంది. ఇక్కడ అడ్డం పడింది ఆలోచన కాదు, కాల్వ.

పైగా రికార్డు దిగుబడులని ఊదరగొట్టారు. 2011లో బిహార్ నలందా జిల్లా దర్వేశ్‌పురాలో హెక్టారుకు 22.4 టన్నులన్నారు. చైనాలో హైబ్రిడ్ వరి పితామహుడు యువాన్ లాంగ్‌పింగ్ అంతటివాడే నమ్మలేదు. వరి శాస్త్రవేత్తల్లోనూ చాలామంది ఈ పద్ధతి గొప్పల మీద సందేహాలు రాశారు. కొత్తది అంటే ముందు నమ్మాలి, తర్వాత ఆలోచించాలి అంటే నా వల్ల కాదు.

ఏఈఓ డైరీ (నల్గొండ)

వ్యవసాయ విస్తరణ అధికారిని. పంటకాల్వ గారి మాటల్లో చాలా వరకు నిజం. నీళ్ళు మన చేతిలో ఉన్న చోటే ఇది. బోరు కింద, చదునైన మడిలో.

తెలియనివాళ్ళ కోసం తేడా చెప్తాను. మామూలు నాటుకు ఎకరానికి 20, 25 కిలోల విత్తనం, అయిదు సెంట్ల నారుమడి, 25, 30 రోజుల నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు. శ్రీ పద్ధతిలో 2 కిలోల విత్తనం, ఒక్క సెంటు ఎత్తు మడి, 8 నుంచి 12 రోజుల నారు, అటూ ఇటూ 25 సెంటీమీటర్ల దూరంలో ఒక్కో మొక్క. చదరపు మీటరుకు 16 కుదుళ్ళే. పీకడం ఉండదు. పలచని రేకు కిందికి పోనిచ్చి మట్టితో సహా లేపి, గింజ ఊడకుండా, వేళ్ళతో పైపైన పెట్టడమే. నాటిన పది పన్నెండు రోజులకు వీడర్ మొదలుపెట్టి, పది రోజులకోసారి తిప్పాలి. చతురస్రంగా నాటాం కాబట్టి నిలువునా అడ్డంగా కూడా తిరుగుతుంది. కలుపు మట్టిలో కలుస్తుంది, వేరుకు గాలి అందుతుంది.

అసలు చిక్కు మొదటి నెల. ఆ నెలంతా పొలం ఏమీ వేయనట్టే ఉంటుంది. మేము ప్రదర్శన క్షేత్రం పెట్టించిన ఒక రైతు పక్క పొలాలవాళ్ళ మాటలకు తట్టుకోలేక, ఇరవై రోజులకు మధ్యలో మామూలు నారు తెచ్చి ఇరికించేశాడు. ఇంకో పది రోజులు ఆగితే పిలకలు పొంగేవి. వీడర్‌కు సందు లేకుండా పోయింది.

మగ్గం చప్పుడు

నాకు వ్యవసాయం తెలీదు, ఒక మాట అడగొచ్చా? బాబు అన్నా, నాటేది మీ నాన్నగారా? నాటేవాళ్ళు ఆడవాళ్ళు కదా. వాళ్ళనెవరైనా అడిగారా?

బోరుబావి బాబు

…అడగలేదు. గుత్తకు ఇస్తాం. ముఠా పెద్దమ్మ వచ్చి ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని వెళ్తుంది.

మగ్గం చప్పుడు

అదే అంటున్నా. ఇక్కడందరూ రైతు బుర్రలో ఏముందో మాట్లాడుతున్నారు. నాలుగైదు మొక్కలు చిటికెలో తీసి గుచ్చడానికి అలవాటుపడింది ఆ ఆడవాళ్ళ వేళ్ళు. ఒక్కొక్కటి ఏరి, తాడు మీద గుర్తు చూసి పెట్టాలంటే ఆ రోజుకు ఎకరం అవుతుందా? గుత్త రేటు అదే ఉంటే వాళ్ళెందుకు చేస్తారు?

మా దగ్గర ఆసు సంగతి తెలిసినవాళ్ళకు ఇది అర్థమవుతుంది. పోచంపల్లి చీరకు చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకుండా నూలుకు కట్లు వేసే ముందు, పేక (అడ్డం) నూలు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా వంగిన చట్రం మీద వరసగా మేకులుంటాయి. ఇటు కొనలో ఒక మేకు. నూలు పట్టుకుని ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి, ఒక్కో మేకు మారుస్తూ చెయ్యి ఆడుతూనే ఉండాలి. ఒక చీరకు దాదాపు 9 వేల సార్లు. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలు పోస్తే లెక్క మీరే వేసుకోండి. మా అమ్మ రాత్రిపూట అన్నం కలుపుకునేటప్పుడు ఎడమ చేత్తో కుడి మోచెయ్యి పట్టుకునేది. మా అమ్మమ్మా అంతే. ఇంట్లో ఎవరికీ అది సమస్య అనిపించలేదు. ఆసు పోసే ఆడదానికి భుజం నొప్పి ఉంటుంది, అంతే. వేసవి అంటే ఎండ ఉన్నట్టు.

ఆలేరు చింతకింది మల్లేశం గారు అదే నొప్పి వాళ్ళమ్మ లక్ష్మమ్మకు చూసి, దీనికి మిషన్ ఎందుకుండకూడదు అన్నారు. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. 1992లో మొదలుపెట్టారు. తరతరాలుగా చేతితో చేసేది మిషన్ ఎట్లా చేస్తుందని నవ్వినవాళ్ళే ఎక్కువ. అప్పులయ్యాయి. నూలు ఒక మేకు నుంచి పక్క మేకుకు మారే కదలిక దగ్గర పని ఆగిపోయింది. కొన్నాళ్ళకు హైదరాబాద్ వచ్చి కరెంటు పని చేసుకుంటూ, బాలానగర్‌లో ఒక కార్ఖానాలో వైరింగ్ చేస్తుండగా అక్కడి మిషన్ ఒకటి కదిలే తీరు చూస్తే దారి దొరికింది. 1999లో మిషన్ తయారైంది. వాళ్ళమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. ఇప్పుడు ఒక చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

పద్మశ్రీ సంగతి అందరికీ తెలుసు. నేను చెప్పేది వేరు. మా కులంలో మగవాళ్ళకు మగ్గం గురించి ఎన్నో ఆలోచనలు వచ్చాయి. రంగులు మార్చారు, డిజైన్లు మార్చారు. ఆసు జోలికి ఎవరూ పోలేదు. ఇంట్లో ఆడవాళ్ళు డబ్బు తీసుకోకుండా చేసే పని కాబట్టి అది ఖర్చులో లేదు, లెక్కలో లేదు. అలవాటైన ఆలోచన అంటే నాకు కనపడేది ఇదే. ఏది సమస్యో ఏది కాదో ముందే తేల్చేసి ఉంటుంది.

గట్టుమీద రైతు

అమ్మా, ఈ థ్రెడ్ మొత్తానికి నువ్వు వేసిన ప్రశ్నే అసలైంది. మా దగ్గర శ్రీ వరి నిలబడిన చోటల్లా నాటే ముఠాను ముందు కూర్చోబెట్టి మాట్లాడారు. మొదటి రెండు రోజులు గుత్త కాదు, రోజు కూలి ఇచ్చాం. చెయ్యి తిరిగాక వాళ్ళే వేగం అందుకున్నారు. ఇంకో సంగతి, వంగి కలుపు తీసే పని ఆడవాళ్ళది. వీడర్ వచ్చేసరికి నిలబడి తోసే పని అయింది, మా మగపిల్లలు పట్టుకున్నారు. కలుపు కూలి పోయిందని కొంతమంది ఆడవాళ్ళు గొడవ పడ్డారు కూడా. అదీ నిజమే, దాచడమెందుకు.

ఎముకల వార్డు (విశాఖ, ఫిజియోథెరపిస్టు)

వరి థ్రెడ్‌లో కాలు పెడుతున్నందుకు క్షమించాలి, మగ్గం చప్పుడు గారి చివరి మాటకు జైపూర్ కాలు గుర్తొచ్చింది. అప్పటికి ఆసుపత్రుల్లో దొరికే కృత్రిమ పాదాలు విదేశీ నమూనాలు. బూటు వేసుకుని, కుర్చీలో కూర్చునే మనిషి కోసం చేసినవి. మన రోగి వాటిని తీసుకెళ్ళి మూలన పెట్టేసేవాడు. డాక్టర్లు అనుకున్నది రోగికి ఓపిక లేదని. 1968 ప్రాంతంలో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, ప్రమోద్ కరణ్ సేఠీ అనే ఎముకల డాక్టరు కలిసి రబ్బరుతో పాదం చేశారు. గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, చెప్పుల్లేకుండా పొలంలో, బురదలో నడవొచ్చు. శర్మ గారు పెద్దగా చదువుకున్నవాడు కాదు. కృత్రిమ పాదం ఎలా ఉండాలో ఆయనకు ఏ పుస్తకమూ నేర్పలేదు, మనిషి పాదం ఎలా ఉంటుందో తెలుసు.

మా వార్డులో ఇప్పటికీ రోగి వ్యాయామం చేయకపోతే బద్ధకం అని రాసేస్తుంటారు. ఇంటికెళ్ళి చూస్తే మంచం పక్కన కాలు చాపే చోటుండదు.

టెక్సాస్ తెలుగు

సరే, మైండ్‌సెట్ మాట వెనక్కి తీసుకోవడం లేదు గానీ 😄 గట్టుమీద గారు చెప్పిన "పాతది ఏ పని చేస్తోంది" అనేది నాకు బాగా నచ్చింది. నాకు అథ్లెటిక్స్ పిచ్చి. హైజంప్‌లో డిక్ ఫాస్‌బరీ అని ఒకాయన 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో వీపు కిందికి పెట్టి, తల ముందు పోనిచ్చి దూకి 2.24 మీటర్లతో గోల్డ్ కొట్టాడు. ఇప్పుడు అందరూ అలాగే దూకుతారు. అంతకుముందువాళ్ళకు బుర్ర లేక కాదు. కింద ఇసుకో రంపపు పొట్టో ఉండేది. వీపు మీద, మెడ మీద పడితే అంతే సంగతులు. కాళ్ళ మీద దిగేలా దూకడం ప్రాణానికి సంబంధించిన విషయం. ఫాస్‌బరీ కాలానికి ఎత్తైన ఫోమ్ పరుపులు వచ్చాయి. పరుపు వచ్చాక కూడా కోచ్‌లు కొన్నాళ్ళు పాత దూకుడే నేర్పారు. దాని అవసరం తీరిపోయిందని ఎవరూ చెప్పలేదు వాళ్ళకు.

లెక్కల మాస్టారు

భేష్. ఇది నేను తరగతిలో చెప్పి ఉండాల్సింది.

ఏఈఓ డైరీ

శ్రీ పద్ధతి పుట్టుక కూడా ఇంచుమించు ఇలాంటిదే. హెన్రీ డి లొలానీ అని ఫ్రెంచ్ జెసూట్ పాద్రి, 1961లో మడగాస్కర్ వెళ్ళి రైతుల మధ్యే ఉండిపోయాడు. ఒక్కో మొక్క నాటడం, నీళ్ళు తగ్గించడం ఆయన కనిపెట్టినవి కావు, అక్కడక్కడా కొందరు రైతులు చేస్తుంటే గమనించినవి. 1983లో వానలు సమయానికి రాక, అదును తప్పుతుందని పదిహేను రోజుల నారే నాటేశారు. పోతుందనుకున్న మడి పిలకలు వేసి దుబ్బు కట్టింది. మాస్టారు చెప్పిన ఐదో లెక్క అదే.

పంటకాల్వ

మరి మాకు మిగిలిందేంటి? కాల్వ మార్చలేం కదా.

ఏఈఓ డైరీ

మీరు ఇప్పటికే చేస్తున్నారు సార్, గమనించుకోలేదంతే. మీ వైపు విత్తన మోతాదు తగ్గించినవాళ్ళు లేరా? డ్రమ్ సీడర్‌తో నేరుగా విత్తేవాళ్ళు లేరా? పొట్ట దశ ముందు ఒకసారి మడి ఆరబెట్టేవాళ్ళు? పద్ధతి మొత్తంగా నిలబడలేదు, ముక్కలు ముక్కలుగా నిలబడింది. మా శాఖ వాళ్ళం మొదట్లో "ఆరు సూత్రాలూ పాటించాలి, ఒక్కటి తగ్గినా శ్రీ కాదు" అని పట్టుబట్టాం. రైతులు విడగొట్టుకుని తమకు పనికొచ్చింది తీసుకున్నారు. నన్నడిగితే అసలు ఇన్నోవేషన్ అక్కడ జరిగింది.

పంటకాల్వ

డ్రమ్ సీడర్ నేనే లాగుతున్నాను. ఒప్పుకుంటున్నా 🙏

గట్టుమీద రైతు

బాబూ, నీ సంగతికి వద్దాం. మీ నాన్నతో శ్రీ మాట ఎత్తకు. ముందు నీళ్ళ ఒక్కదాని పని పట్టు. ఒక ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకో, అడుగు పొడవు, నాలుగు నుంచి ఆరంగుళాల వెడల్పు. కింది సగానికి చుట్టూ రంధ్రాలు వెయ్యాలి. రంధ్రాలున్న భాగం మట్టిలోకి దిగేలా గట్టుకు దగ్గరలో పాతి, లోపలి మట్టి చేత్తో తీసెయ్. మడిలో నీళ్ళు కనపడకపోయినా పైపులో కనపడతాయి. పైన ఆరిపోయినా కింద నీళ్ళున్నాయని ఆయన కళ్ళతో ఆయనే చూస్తాడు. మట్టి మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మోటారు వెయ్యాలి. పూత సమయంలో మాత్రం ఆరబెట్టొద్దు, వారం ముందు నుంచి వారం తర్వాత దాకా రెండంగుళాల నీళ్ళు ఉండాలి. ఇది వరి పరిశోధనవాళ్ళే చెప్పింది, నా సొంత కవిత్వం కాదు.

నేను మొదట చెప్పిన మూడు పనుల్లో మూడోది ఈ పైపు చేస్తుంది. రెండోదానికి, తెలంగాణలో 2018 నుంచి సాగుకు రోజంతా కరెంటు ప్రకటించారు కదా, మీ ఫీడర్‌లో నిజంగా ఎన్ని గంటలు వస్తోందో నువ్వే రాసి చూపించు. సాఫ్ట్‌వేర్ వాడివి, ఆ మాత్రం పట్టిక వెయ్యలేవా. మొదటిది కలుపు. దానికి వీడర్ తప్ప మంత్రం లేదు.

మోడరేటర్

చర్చ బాగా సాగుతోంది. రాజకీయ వ్యాఖ్య ఉన్న రెండు పోస్టులు తీసేశాం. కరెంటు గురించి కొట్లాడాలంటే వేరే థ్రెడ్ ఉంది.

బోరుబావి బాబు

అప్‌డేట్. శని, ఆదివారాలు ఊరికెళ్ళాను. శ్రీ పేరెత్తలేదు. పైపు తీసుకెళ్ళి ఇప్పుడున్న వానాకాలం మడిలోనే పాతాను. నాన్న మొదట కప్పల కోసం పెట్టావా అన్నాడు. రెండో రోజు పొద్దున నేను లేచేసరికి గట్టు మీద కూర్చుని పుల్ల పెట్టి కొలుస్తున్నాడు. "పైన నెర్రెలిచ్చింది గని లోపట జానెడు లోతుల నీళ్ళున్నయి రా" అన్నాడు. మోటారు వెయ్యలేదు ఆ పూట. అది నాకు పెద్ద విషయమే.

ముఠా పెద్దమ్మతో అమ్మ మాట్లాడింది. రోజు కూలి అయితే ఒప్పుకుంటాం, తాడు మీరే పట్టాలి అందట.

యాసంగికి అరెకరం ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. రోడ్డు పక్క మడి వద్దట, లోపల గుట్ట కింది మడి అయితే సరేనట. నెల రోజులు బోసిగా ఉంటే దారిన పోయేవాళ్ళు ఏమంటారోనని. ఆ గుట్ట మడి ఒకవైపు వాలు, బోరుకు దూరం. ఏం చెయ్యమంటారు?

ఏఈఓ డైరీ

గుట్ట మడి వద్దు. వాలుంటే పైన ఎండుతుంది, కింద నీళ్ళు నిలిచి లేత నారు కుళ్ళుతుంది, పద్ధతి మీదకు చెడ్డపేరు వస్తుంది. రోడ్డు పక్క మడి చదునుగా ఉంటే అదే తీసుకోండి. జనం మాటలు తప్పించాలంటే రోడ్డు వైపు నాలుగు సాళ్ళు మామూలు నాటు వేసుకోమనండి, లోపల శ్రీ వేయండి. యాసంగిలో చలికి నారు మెల్లగా ఎదుగుతుంది కాబట్టి పన్నెండు రోజులని పట్టుకు కూర్చోవద్దు, రెండు మూడు ఆకులు వచ్చాయా లేదా చూడండి. వీడర్ కోసం మీ మండల వ్యవసాయాధికారి (ఏఓ) ఆఫీసులో ముందే అడిగి పెట్టుకోండి, సీజన్‌లో దొరకదు.

బోరుబావి బాబు

రోడ్డు వైపు నాలుగు సాళ్ళ ఐడియా అమ్మకు ఫోన్‌లో చెప్పాను, నవ్వుతోంది. నాన్నకు తనే చెప్తానంది. వీడర్ ఒక వరసదా రెండు వరసలదా తీసుకోవాలి?

గట్టుమీద రైతు

ఒక వరసదే. అరెకరానికి అది చాలు, పైగా మీ అమ్మ కూడా తోయగలదు.